చౌపాల్ గోడ రుచి

సదాశివరావు గారు గోడలు నాకుతారు. ఈ ఒక్క ముక్క తెలిస్తే ఆయన సంగతి సాంతం తెలిసినట్టే. కొత్త ఊరు వెళితే ఎవరైనా గుడికో, టీకొట్టుకో దారి అడుగుతారు. ఆయన పాత గోడ ఎక్కడుందని అడుగుతారు. వేలితో దుమ్ము తుడిచి, కళ్లు మూసుకుని, నాలిక చివర ఆనించి, తీర్థం పుచ్చుకున్నంత భక్తిగా నిలబడతారు.

వీరరాఘవులు గారికి ఆ నాలికంటే ఒళ్లు మంట.

ఇద్దరిదీ ఒకటే ఆఫీసు, సరోజినీ నగర్‌లో ఎదురెదురు క్వార్టర్లు. అక్కడికి రెండు స్టాపుల అవతల, ఢిల్లీ మింగగా మిగిలిన కల్యాణ్‌గఢీ అనే పల్లె ఉంది. ఆ పల్లెలో నూట యాభై ఏళ్ల చౌపాల్ ఉంది. మన రచ్చబండకు స్తంభాలెత్తి కప్పు వేస్తే అచ్చం అలాగే ఉంటుంది. దాన్ని పడగొట్టి కార్లు నిలుపుకుంటారని తెలిసి మొదట గుండె బాదుకున్నది వీరరాఘవులు గారే. ఆయన అక్షరాలు దిద్దుకున్న బడి అలాంటి సున్నపు మండపంలోనే నడిచేది మరి. నెల్లాళ్లు కూర్చుని ఏడు పేజీల వినతిపత్రం హిందీలో రాశారు. ‘చౌపాల్ బచావో’ అని బ్యానరు కట్టించి సభ పెట్టారు.

రెండో పేజీకే జనం లేచిపోవడం మొదలుపెట్టారు. అప్పుడు మూల కూర్చున్న సదాశివరావు గారు మెల్లగా లేచి, స్తంభం దగ్గరికి వెళ్లి నాలిక చాపారు.

“అరే, రావ్ సాబ్ ఖంభా చాట్ రహే హైఁ!” స్తంభం నాకుతున్నారని ఎవరో కేకేశారు.

వెళ్లేవాళ్లంతా గిరుక్కున వెనక్కి తిరిగారు.

“బెల్లం, కరక్కాయ, మినప్పిండి,” అని ప్రకటించారాయన హిందీలో. “మీ తాతలు సున్నంలో ఇవన్నీ కలిపి కట్టారయ్యా. మిగతాది వీరరాఘవులు గారు చెబుతారు.”

మిగతాదట! పెళ్లికొడుకు తనైతే పల్లకిలో ఊరేగేది ఆయనా?

అది మొదలు ప్రతి ఆదివారం అదే తంతు. ఆయన నాకడం, జనం మూగడం, ‘మిగతాది’ ఈయన చెప్పడం. హిందీ పేపర్లో బొమ్మ కూడా పడింది. నిండుగా సదాశివరావు గారి నాలిక, వెనక వీరరాఘవులు గారి ఎడమ చెవి.

“పోనీలెండి, చెవి స్పష్టంగానే పడింది,” అని ఓదార్చింది భార్య భానుమతి.

ఆవిడా అటు పక్షమే. ఒకసారి పులిహోరలో ఉప్పు మరిచిపోతే, సదాశివరావు గారు మూడుసార్లు మారు వడ్డించుకుని, “అమృతం చెల్లెమ్మా!” అన్నారు. “రుచి తెలిసిన మనిషండీ. ముప్పై ఏళ్లలో మీరొక్కసారి అన్నారా ఆ మాట?” అని ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ బెల్లం సంగతేమిటో తేల్చుకుందామని వీరరాఘవులు గారు ఒకనాడు తెల్లవారుతూనే చౌపాల్‌కి వెళ్లారు. అటూ ఇటూ చూసి, “రామ రామ” అనుకుని నాకారు. చేదు. దుమ్ము. పావురాల జ్ఞాపకం.

“అంకల్‌జీ, ఆప్ భీ?”

మీరు కూడానా అంటూ వెనకాల టీకొట్టు దీదీ. పాపం నవ్వలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి పుక్కిలించమంది, ఎవరికీ చెప్పలేదు కూడా.

ఇంతలో కబురొచ్చింది. గురువారం పెద్ద ఆఫీసరు స్వయంగా వస్తాడు. ఊరంతా నిలబడి అడిగితే సరి, లేదంటే సోమవారం బుల్డోజరు. బుధవారం సాయంత్రం ఇంకో కబురు. ఎక్కడో పచ్చి సున్నం గోడ నాకి సదాశివరావు గారి నాలిక పొక్కిపోయిందట. డాక్టరు మాట్లాడొద్దన్నాడట. వీరరాఘవులు గారు ముఖానికి విచారం పులుముకుని, అరటిపళ్లు పట్టుకుని పరామర్శకు వెళ్లారు. లోపల మాత్రం రేపటి సభ తనొక్కడిదే అన్న సంబరం.

“రుచికోసం ప్రాణం మీదికి తెచ్చుకోవాలా చెల్లెమ్మా?” అన్నారు.

“రుచా!” అంది సదాశివరావు గారి భార్య హైమవతి పళ్లు అందుకుంటూ. “కరోనాలో పోయిన రుచి మళ్లీ రాలేదన్నయ్యగారూ. ఉప్పుకీ పంచదారకీ తేడా తెలీదీయనకి.”

“మరి ఆ బెల్లం, కరక్కాయ?”

“వాళ్ల తాత సున్నం మేస్త్రీ. చెప్పగా విన్నవేగా! మొదటి సభలో మీరు చదువుతుంటే జనం లేచిపోయారటగా. ‘బావగారు నెల్లాళ్లు కూర్చుని రాసింది ఎవరో ఒకరు వినాలి కదా’ అని లేచి స్తంభం నాకారు. ఇంకప్పట్నించీ మానరే! ఏ ఊరెళ్లినా అదే అలవాటైంది. నే నాకితే జనం ఆగుతారు, ఆగితే ఆయన మాట వింటారు అంటారు.”

మంచం మీద సదాశివరావు గారు చెప్పొద్దని చేతులు ఊపేస్తున్నారు. వీరరాఘవులు గారు ఓ అరటిపండు తామే ఒలుచుకుని తినేశారు. ఏం తింటున్నారో ఆయనకే తెలియలేదు.

గురువారం ఆఫీసరు వచ్చాడు. వీరరాఘవులు గారు మొదలుపెట్టారు. రెండో పేజీకి జనం కదిలారు. మూడో పేజీకి ఆఫీసరు గడియారం చూశాడు.

“జల్దీ కీజియే, చార్ బజే మీటింగ్ హై.”

మూతికి గుడ్డ కట్టుకుని మూల కూర్చున్న సదాశివరావు గారు లేవబోయారు. వీరరాఘవులు గారు ఆయన భుజం నొక్కి కూర్చోబెట్టారు. కాగితాలు చంకన పెట్టుకున్నారు. కండువా సర్దుకున్నారు. నేరుగా స్తంభం దగ్గరికి వెళ్లి, ఊరంతా చూస్తుండగా, నిండుగా నాకారు.

“గుడ్ హై!” అని హిందీలో బెల్లం పేరెత్తి అరిచారు. “బెల్లం! మీ తాతల బెల్లం ఇంకా ఉంది!”

జనం విరగబడ్డారు. ఎనభై ఏళ్ల ముసలాయన ఒకడు కర్ర పక్కన పెట్టి, “మా తాత కట్టిందయ్యా, నేనూ చూస్తాను,” అని నాకాడు. ఆఫీసరు నవ్వాపుకోలేక కుర్చీలో వెనక్కి వాలి, ఏడో పేజీ దాకా చదివించుకుని విని, పడగొట్టొద్దని అక్కడికక్కడే రాసి సంతకం పెట్టాడు.

“మిగతాది సదాశివరావు గారు చెబుతారు,” అన్నారు వీరరాఘవులు గారు ముగిస్తూ.

“ఆ... బ్బా...” అన్నారాయన గుడ్డ చాటు నుంచి. ఊరంతా చప్పట్లు.

మర్నాడు పేపర్లో వీరరాఘవులు గారి నాలిక నిండుగా పడింది. ఎదురింటి నుంచి ఆ ముక్క కత్తిరించి పంపించారు. వెనకాల పెన్సిలుతో రాసి ఉంది:

“బావగారూ, మీ నాలిక నా నాలికకంటే బాగా పడింది. నాకు కాస్త అసూయగా ఉంది.”