ఎండాకాలం నమూనాలు

మొన్న కోస్గిలో ఒక మిత్రుడి ఇంట్లో శుభకార్యానికి వెళ్లినప్పుడు భోజనాల దగ్గర ఎవరో స్టీలు గ్లాసులో నీళ్లు పోశారు. పక్కనే ప్లాస్టిక్ సీసాలు పేర్చి ఉన్నా నేను గ్లాసే అందుకున్నాను. మొదటి గుక్కకే నాలుక మీద సన్నటి ఉప్పదనం, దాని వెనక కొద్దిగా ఇనుప వాసన. బోరు నీళ్లు. వెంటనే మింగకుండా ఒక్క క్షణం నోట్లో ఉంచుకున్నాను. అలా ఉంచుకోవడం నాకు నేర్పింది ఎస్తేరు మేడం. "ఏమైంది, నీళ్లు మంచిగ లేవా?" అని మిత్రుడు కంగారుపడ్డాడు. బాగానే ఉన్నాయన్నాను. నిజంగానే బాగున్నాయి. కానీ ఆ తర్వాత విస్తరి మీదికి మనసు పోలేదు.

రాష్ట్రం వచ్చిన కొత్తలో, పాలమూరు వైపు ఒక చిన్న పట్టణంలో మున్సిపాలిటీ ఇంజనీరుగా చేరాను. నీటి సరఫరా అంతా ఎస్తేరు మేడం చేతి కింద నడిచేది. పొట్టి మనిషి. నేత చీర, రబ్బరు చెప్పులు, భుజాన గుడ్డ సంచి. ఆ సంచిలో నీళ్ల నమూనాలు పట్టే సీసాలుండేవి. ఆమె తండ్రి నల్లగొండ పల్లెల్లో బావులు తవ్విన కూలీ. ఆ సంగతి ఆమె నాకు ఒక్కసారే చెప్పింది. దారిలో పాడుబడ్డ బావి ఒకటి కనిపిస్తే జీపు ఆపించి లోపలికి తొంగి చూసి, "మా బాపు గిసొంటి బాయిలు శానా తవ్విండు. నీళ్లు పడ్డంక మాత్రం ఊరోళ్లు చేద ముట్టనియ్యకపోయేది," అంది. గొంతులో కోపం లేదు. మళ్లీ జీపెక్కి పనుల గురించి మాట్లాడింది.

పట్టణంలో సగానికి నది నీళ్లు పైపుల్లో వచ్చేవి. మిగతా సగం, ముఖ్యంగా వాగు ఒడ్డు వాడలు, బోర్ల మీదే బతికేవి. నేను చేరిన వారంలోనే మేడం నన్ను వాగు ఒడ్డున గొర్రెల కాపరులుండే వాడకు తీసుకెళ్లింది. బోరు దగ్గర నీలమ్మ అనే ఆవిడ బిందె నింపుకుంటోంది. నేను సీసా మూత తీసేలోపే మేడం ఆమెను పలకరించింది.

"ఏమక్కా, పప్పు ఉడుకుతాందా?"

నీళ్ల పరీక్షకు వచ్చి పప్పు సంగతెందుకో నాకు అర్థం కాలేదు. నీలమ్మకు అర్థమైంది: నీళ్లు తేడా చేస్తే పప్పు ఉడకదు.

"ఇప్పుడైతె ఉడుకుతాంది మేడమ్మా. ఎండలు ముదిరితెనే తంట. నీళ్లు అదో తీరు వాసనొస్తయి. మా గొర్లు గూడ తొట్టిల మూతి పెట్టవు."

మేడం ఆ మాటను తేదీతో సహా నోటుపుస్తకంలో రాసుకుంది. తిరిగి వస్తూ వాడకు ఎగువన ఉన్న పాత రాతి క్వారీ చూపించింది. పని ఆగిపోయిన ఆ గుంతలోకి మరుగుదొడ్ల ట్యాంకులు ఖాళీ చేసే లారీలు మురుగంతా వదిలిపెట్టేవి. "వానలప్పుడు అన్ని నీళ్లల్ల కలిసి పల్సగైతది, తెల్వది. ఎండకాలం బోర్లు జోరుగ గుంజుతయి. అప్పుడు గీ గుంతల మురికి రాతి పగుళ్లల్లకెళ్లి ఎటు పోతాందో మనకు తెల్వాలె శ్రీనివాస్," అంది. లారీలను ఆపమని ఆమె ఎన్నిసార్లు రాసినా పైనుంచి వచ్చే జవాబు ఒక్కటే: రుజువేది? భూమి లోపల నీటి దారులు కనిపెట్టే పరికరాలు గానీ, ఆ చదువు చదివిన మనుషులు గానీ మా దగ్గర లేరు.

అందుకే భూగర్భ జలాల రక్షణకు సాంకేతిక సలహాదారులను పెట్టుకోవచ్చని మంజూరు వచ్చిన రోజు ఆమె ముఖం నాకింకా గుర్తుంది. ఆఫీసులో అందరికీ మిర్చీలు తెప్పించింది. టెండరు షరతులు మేమిద్దరం కూర్చుని వారం రోజులు రాశాం. వచ్చేవాళ్లు పట్టణంలోనే ఉండి పని చేయాలి. నివేదికను వాడల్లో తెలుగులో చదివి వినిపించాలి. వానల తర్వాత ఒకసారి, నడి ఎండాకాలంలో మరోసారి, ప్రతి బోరు నుంచీ నమూనాలు తీయాలి. చివరి షరతు కింద ఆమె నాతో రెండు గీతలు కొట్టించింది.

"ఇన్ని షరతులు పెడితే ఎవరూ రారేమో మేడం," అన్నాను.

"రాకపోతె రాకపోనియ్. మనకు గుంపెందుకు? పని తెలిసినోడొక్కడొస్తె సాలు."

చివరిదాకా నిలిచినవాళ్లు ఇద్దరు. ఒకటి హైదరాబాదులోని పెద్ద సంస్థ. రెండోది ఒక రిటైరైన భూగర్భ శాస్త్రవేత్త, ఆయన దగ్గర చదువుకున్న ఇద్దరమ్మాయిలు కలిసిన జట్టు. ఆ పెద్దాయన బస్సులో వచ్చి, తన పథకం వివరించడానికి ముందు రెండు రోజులు వాగు వెంట నడిచాడు. కమిటీ ముందు తెల్లకాగితం మీద పెన్సిలుతో బొమ్మ గీసి, "మూడు బోర్ల మీద నాకు అనుమానముంది. ఎండాకాలం చూడకుండా ఏమీ చెప్పలేను," అన్నాడు. పెద్ద సంస్థవాళ్లు గోడ నిండా రంగురంగుల పటాలు చూపించారు. నాలుగు నెలల్లో అంతా తేల్చేస్తామన్నారు.

మార్కులు వేయాల్సింది ముగ్గురం: కమిషనరు, మేడం, నేను. కమిషనరుకు 'చెప్పలేను' అన్న మాట నచ్చలేదు. మేడం పెద్దాయన వైపే ఉందని అందరికీ తెలుసు. అంటే నా కాగితం ఎటు మొగ్గితే అటు. నా భార్య హైదరాబాదులో ఉద్యోగం చేస్తుండేది. బదిలీ కోసం నేను పెట్టుకున్న దరఖాస్తు కమిషనరు బల్ల మీద ఉంది. ఆ మధ్యాహ్నం చాయ్ తాగుతూ ఆయన, "మీ ట్రాన్స్‌ఫర్ సంగతి చూస్తున్నా శ్రీనివాస్," అన్నాడు. అంతే. ఇంకేమీ అనలేదు, అనాల్సిన అవసరమూ లేకపోయింది. మేడం నన్ను ఏమీ అడగలేదు. గది బయట, "నీకు సరిగ్గ అనిపించిందెయ్యి," అని మాత్రం అంది. నేను పెద్ద సంస్థకు వేశాను. ఆ పటాలు చూసి వేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ సంస్థ మనుషులు వానలు వెలిసిన వారంలో వచ్చి, మూడు రోజుల్లో నమూనాలు తీసుకుని వెళ్లిపోయారు. ఎండాకాలం దాకా ఆగితే గడువు దాటుతుందని, ఆ షరతు సడలించమని కోరారు. ఫైలు నా దగ్గరికి వచ్చింది. నేనే కింద రెండు గీతలు కొట్టిన షరతు అది. 'సడలించవచ్చు' అని రాసి సంతకం పెట్టాను. నీళ్లన్నీ సురక్షితమని అందమైన అట్టతో నివేదిక వచ్చింది. మేడం దాని మీద ఒక పేజీ అసమ్మతి రాసింది. నీలమ్మ చెప్పిన గొర్రెల మాట కూడా అందులో ఉంది. కమిషనరు దాన్ని చదివి నవ్వాడు. నేనూ, తల వంచుకునే కావచ్చు, నవ్వాను. మేడం ఎదురుగానే ఉంది.

నెల తిరక్కముందే ఆమెను నల్లగొండ వైపు పంపేశారు. వెళ్లే రోజు తన గుడ్డ సంచి నా బల్ల మీద పెట్టి, "మార్చిల నువ్వన్న పోయి పట్టు. పది సీసాలున్నయి," అంది. మార్చి నాటికి నాకు బదిలీ ఆర్డరు వచ్చింది. సామాను సర్దుకునే హడావుడిలో పడిపోయాను. సంచి బీరువాలో పెట్టి తాళం తర్వాతి వ్యక్తికి ఇచ్చాను.

ఆ మే నెలలో వాగు ఒడ్డు వాడలో కామెర్లు మొదలయ్యాయి. క్వారీ మురుగు బోర్లలోకి దిగిందని తర్వాత తేలింది. పెద్దాయన అనుమానించిన మూడు బోర్లూ అందులో ఉన్నాయి. చాలామంది మంచం పట్టి లేచారు. నీలమ్మ కోడలు అప్పుడు ఏడు నెలల గర్భిణి. మహబూబ్‌నగర్ దవాఖానలో చాలా రోజులు చావుబతుకుల మధ్య ఉంది. ఆమె దక్కింది. కడుపులో బిడ్డ దక్కలేదు.

ఆ వార్త నాకు హైదరాబాదులో తెలిసింది. రెండు రోజులు ఎవరికీ చెప్పలేక, మూడో రోజు సెలవు పెట్టి మేడం దగ్గరికి వెళ్లాను. నన్ను చూడగానే ఆమె అడిగిన మొదటి మాట, "బోర్లు మూసిండ్రా?" మూశారని, ట్యాంకర్లు పంపుతున్నారని చెప్పాను. అప్పుడు కుర్చీ చూపించింది. మార్కుల సంగతి, కమిషనరు అన్న మాట, సంచి బీరువాలో పెట్టి వెళ్లిన సంగతి అన్నీ చెప్పాను. ఆమె తిడితే బాగుండునని నా మనసు కోరుకుంది. ఆమె తిట్టలేదు.

"నాకెందుకు చెప్తున్నవ్ శ్రీనివాస్? నాకేమైంది? పోయి నీలమ్మకు చెప్పు," అంది.

వెళ్తానన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే వెళ్దామనుకున్నాను. ఆ ఎండాకాలం గడిచింది, తర్వాతిదీ గడిచింది. ఒకసారి ఆ వాడ మలుపు దాకా వెళ్లి, జీపులోంచి దిగకుండానే తిరిగి వచ్చాను.

మేడం పోయిన సంవత్సరం చనిపోయింది. సమాధి ప్రార్థనకు వాళ్ల ఊరు వెళ్లాను. జనంలో ఒక ముసలావిడ నా వైపే చూస్తూ దగ్గరికొచ్చింది. మూడు బస్సులు మారి వచ్చిందట. నీలమ్మ.

"నువ్వు మేడమ్మ ఎంబడి తిరిగిన సారువే గదా?" అంది. అవునన్నాను. కొంగుతో కళ్లు తుడుచుకుని చెప్పింది. "మా కోడలు దవాఖానకెళ్లి ఇంటికొచ్చినంక మేడమ్మ వచ్చింది సారూ. మంచం కాడ కింద కూసున్నది. 'తప్పు మాదే అక్కా, మేం సూడాల్సింది సూడలే' అన్నది. ఆమెదేం తప్పు సారూ? ఆమెను ఎన్నడో పంపిచ్చిరి గదా. అదే మాట నేనంటె ఇనలే."

నేను నోరు తెరిచాను. అంతలో ఎవరో ప్రార్థనకు పిలిచారు. నీలమ్మ ముందుకు నడిచింది. ప్రార్థన అయ్యాక ఆమె నన్ను వెతుక్కుంటూ వచ్చి, బస్సుకు ఆలస్యమవుతుందని చెప్పి సెలవు తీసుకుంది. స్టాండు దాకా దిగబెడతానన్నాను. ఆ దారి పొడవునా ఆమె మేడం గురించి చెబుతూనే ఉంది, నేను వింటూనే ఉన్నాను.

ఇప్పుడు నేను కూడా సలహాదారులను నియమించే కమిటీల్లో కూర్చుంటున్నాను. ఎండాకాలం నమూనాల షరతు ఎవరు సడలించమన్నా ఒప్పుకోను. నడి మే నెలలో నేనే వెళ్లి బోర్ల దగ్గర నిలబడతాను. కింది ఇంజనీర్లు సార్ చాలా నిక్కచ్చి మనిషి అంటారు. ఆ మెచ్చుకోలు విన్నప్పుడల్లా మంచం దగ్గర నేల మీద కూర్చున్న ఎస్తేరు మేడం గుర్తొస్తుంది. నా పేరు ఎత్తకుండా, తాను తప్పించుకోకుండా, 'మాదే' అంది ఆమె. ఆ మాటలో దాగిన మనిషి ఎవరో నీలమ్మకు ఇంతవరకు తెలియదు. చెప్పాల్సింది నేను. ఇంకా చెప్పలేదు.