ఆవిడ తనకు వద్దనుకున్న ఆపరేషన్

మొన్న గురువారం పొద్దున మా స్కూల్లో ప్రార్థన జరుగుతుండగా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. గుంటూరులో కౌన్సిలర్ మేడమ్ పోయారని, గుండెపోటని, సాయంత్రం నాలుగింటికి సమాధి చేస్తారని రెండే లైన్లు. పంపింది నాతోపాటు అదే ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకున్న ఒకావిడ. పిల్లలు ప్రతిజ్ఞ చెబుతున్నారు. హెడ్మాస్టరు గారి దగ్గరికెళ్లి, ఒకావిడ పోయారని, గుంటూరు వెళ్లాలని చెప్పాను. "ఎవరండీ పోయింది, బంధువులా?" అని ఆయన అడిగారు. బరువు తగ్గే ఆపరేషన్‌కు ముందు మన మనసు ఎలా ఉందో చూసే ఆవిడ అని అక్కడ నిలబడి ఎలా చెప్పను? మా పొదిలిలో అందరికీ నాకు జరిగింది పిత్తాశయంలో రాళ్ల ఆపరేషన్ అనే తెలుసు. "పెద్దమ్మ వరసండి" అని చెప్పి, సెలవు చీటీ రాసిచ్చి బస్సెక్కాను.

ఇన్నాళ్లూ దాచాను గానీ, ఇప్పుడు దాచే ఓపిక లేదు. నాకు రాళ్లూ లేవు, రప్పలూ లేవు. నాలుగేళ్ల కిందట నేను నూట పద్దెనిమిది కిలోలు ఉండేదాన్ని. మోకాళ్లు పట్టేసేవి, షుగరు మందులతో దిగేది కాదు. ఇంట్లో మంచాన పడ్డ అత్తగారు, చదువుకునే పిల్లలిద్దరు, పురుగుమందుల కొట్టు వదిలి రాలేని మా ఆయన. అమ్మ పోయి అప్పటికి ఏడాదిన్నర. ఆపరేషన్ చేయించుకుంటే మంచిదని షుగరు డాక్టరు గారు గుంటూరు పంపించారు.

ఆ ఆసుపత్రిలో రక్తపరీక్షలు, గుండె పరీక్షలు అన్నీ అయ్యాక చివరికి మేడమ్ గది. ఆవిడ సరేనని రాస్తేనే సర్జన్ గారు తేదీ ఇస్తారు. బయట బెంచీ మీద కూర్చున్న మా అందరికీ అదొక పబ్లిక్ పరీక్ష. లోపలికెళ్లి వచ్చినవాళ్లు వెళ్లబోయేవాళ్లకు ప్రశ్నలు చెప్పేవారు, వాటికి జవాబులు కూడా. "నిద్ర బాగా పడుతుందనండి. ఏడుపొస్తుందని మాత్రం అనబాకండి. ఎందుకు చేయించుకుంటున్నారంటే ఆరోగ్యం కోసం అనండి, చాలు." గుంటూరుకు పిల్లల్ని కోచింగులకు పంపీ పంపీ మాకందరికీ ఆ జబ్బు అంటుకుంది. నేనైతే పదో తరగతికి సోషల్ చెప్పేదాన్ని, ఏటా ఇంపార్టెంట్ ప్రశ్నలు రాయించేదాన్ని. జవాబులన్నీ ఫైలు వెనక రాసుకుని బట్టీ పట్టాను.

లోపల ఆవిడ అడిగినవన్నీ గడగడా అప్పజెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదావిడ. అంతా విని, కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ అన్నారు.

"టీచరు గారూ, ఈ వారం నా దగ్గరికొచ్చిన నలుగురూ ఇవే మాటలు, ఇదే వరసలో చెప్పారు. మీ ట్యూషన్ మాస్టారు ఎవరండీ?"

చీటీలతో దొరికిపోయిన పిల్లలా తల దించుకున్నాను. అప్పుడు ఇంకో ప్రశ్న వేశారు.

"పోనీ ఇది చెప్పండి. ఆపరేషన్ అయిన మర్నాడు ఏం చేద్దామనుకుంటున్నారు?"

ఇది బెంచీ మీద ఎవరూ చెప్పలేదు. నోటికొచ్చింది అనేశాను. "పడుకుంటానండి."

"ఆ తర్వాత?"

"పడుకుంటానండి. పదిహేను రోజులు రెస్టన్నారుగా. కుట్లుంటాయి కదండీ, ఎవరూ లేపరు."

ఆ మాట నా చెవిన పడ్డాక గానీ నేను ఆపరేషన్ దేనికి అడుగుతున్నానో నాకే తెలియలేదు. ఏడ్చాను. ఊరుకోమని ఆవిడ అనలేదు, ఫైలు మూసేసి కూర్చున్నారు. నేను తేరుకున్నాక తిండి గురించి అడిగితే ఈసారి నిజం చెప్పాను. అందరూ తిన్నాక వంటింట్లో నిలబడి, ఆకలి లేకపోయినా గిన్నెల్లో మిగిలిందంతా తింటానని, అది అయిపోయాక కారప్పూస పొట్లం విప్పుతానని, రోజు మొత్తంలో నన్నెవరూ పిలవని సమయం అదొక్కటేనని.

"పొట్ట చిన్నది చెయ్యడం డాక్టరు గారికి వచ్చమ్మా. ఇంటెడు చాకిరీని చిన్నది చెయ్యడం ఆయనకు రాదు" అన్నారు మేడమ్. కాగితం మీద 'ఇప్పుడు కాదు' అని తెలుగులో రాశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి మా ఆయన దగ్గర నోటికి హద్దు లేకుండా తిట్టాను. "ఆవిడేమన్నా సన్నంగా ఉందా? నాకంటే రెండింతలుంది. నాకు వద్దనడానికి ఆవిడెవరు?" అన్నాను. ఆవిడ నిజంగానే నాకంటే లావు. వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేలోపు రెండుచోట్ల ఆగేవారు. మా ఆయన ఎవరినో అడిగి వచ్చి, విజయవాడలో ఇంకో ఆసుపత్రి ఉందట, అక్కడ ఈ ప్రశ్నలేవీ వెయ్యరట అన్నాడు. వెళ్లడానికి సిద్ధమయ్యాం కూడా.

ఆ వారంలోనే మేడమ్ ఫోన్ చేశారు. విజయవాడ సంగతి కోపంగానే చెప్పాను. "వెళ్లండమ్మా, మీ ఇష్టం. ఈలోపు ఒకసారి మీ ఆయన్ని తీసుకొస్తారా? ఆయనతో ఏం చెప్పొచ్చో, ఏం చెప్పకూడదో ముందు నాకు మీరు చెప్పాలి" అన్నారు. నా గురించి ఏం మాట్లాడాలో నన్ను అడిగినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. అందుకే వెళ్లాను.

ఆ రోజు ఆయనకు ఏం చెప్పారో మొత్తం రాయను. బయటికొచ్చాక ఆయన క్యాంటీన్‌లో టీ పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. నెల తిరక్కుండా అత్తగారిని చూసుకోవడానికి మనిషిని పెట్టాడు. నాకున్నది డిప్రెషన్ అని పై అంతస్తులోని సైకియాట్రీ డాక్టరు గారు చెప్పి మాత్రలు రాశారు. ఎనిమిది నెలలు, నెలకో శనివారం మేడమ్ దగ్గరికి వెళ్లాను.

ఆ శనివారాల్లోనే ఆవిడ అలవాట్లన్నీ చూశాను. ఒకరు వెళ్లి ఇంకొకరు వచ్చేలోపు ఫ్లాస్కులోని మజ్జిగ ఒక గ్లాసుడు తాగేవారు. "నేను కొంచెం బొద్దుగా ఉంటానండి" అని ఎవరైనా అంటే, "లావు అనండమ్మా, అదేం తిట్టు కాదు" అనేవారు. భార్య తరఫున భర్త, తండ్రి తరఫున కొడుకులు జవాబులు చెబుతుంటే, "మీరు కాస్త టీ తాగి రండి బాబూ" అని నవ్వుతూనే బయటికి పంపేవారు. ఆపరేషన్ అంటే ఆవిడకు గిట్టదని బెంచీ మీద ఒక పుకారు ఉండేది. అదీ నిజం కాదు. దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన, ఇంట్లో అందరూ వద్దంటున్నా తనకు కావాలని వస్తే, రెండుసార్లు మాట్లాడి వెంటనే సరేనని రాశారు.

ఎనిమిది నెలల తర్వాత నేనే మళ్లీ అడిగాను. మాత్రలు పనిచేస్తున్నాయి, వంటింట్లో నిలబడి తినడం తగ్గింది, అయినా మోకాళ్లు మోకాళ్లే, షుగరు షుగరే. మర్నాడు ఏం చేస్తారని మళ్లీ అడిగారు. "నొప్పి ఉంటుందన్నారుగా. అయినా నడవమంటారట. నడుస్తానండి" అన్నాను. ఈసారి సరేనని రాశారు. రాళ్ల ఆపరేషన్ అని చెప్పుకుంటున్నానంటే మాత్రం చిరాకు పడ్డారు. "ఊరికి ఏ అబద్ధమైనా చెప్పుకోండి. మీకు వండిపెట్టేవాళ్లకు మాత్రం నిజం చెప్పండి."

అది జరిగి మూడేళ్లు. ముప్పై ఎనిమిది కిలోలు తగ్గాను. జుట్టు ఊడింది, వాంతులతో మూణ్ణెల్లు నరకం చూశాను. ఇప్పటికీ కొన్ని రోజులు లేవబుద్ధి కాదు, మాత్రలు ఇంకా వేసుకుంటున్నాను. అయినా మెట్లెక్కుతున్నాను, నా నిర్ణయానికి నేను చింతించడం లేదు.

ఒకసారి చనువు తీసుకుని అడిగాను, "మీరెందుకు చేయించుకోలేదు మేడమ్?" అని.

"అందరూ మొదటి నెల్లోనే అడుగుతారు, మీకు ఇన్నాళ్లు పట్టింది" అని నవ్వారు. "సర్జన్ గారు రెండుసార్లు చెప్పారు. కూర్చుని ఆలోచించుకున్నాను. నాకు మత్తంటే భయం. చేయించుకోకపోతే ఏమవుతుందో తెలుసు, చేయించుకుంటే ఏమవుతుందో తెలుసు. వద్దనుకున్నాను. భయపడి వద్దనుకున్నా అది నా నిర్ణయమేనమ్మా."

సమాధుల తోటకు నేను చేరేసరికి పాట పాడుతున్నారు. పెట్టె మామూలుకంటే వెడల్పుగా చేయించారు. ఎనిమిది మంది మోసినా దారిలో ఒకసారి దించాల్సి వచ్చింది. నా వెనక ఎవరో గుసగుసలు. "ఊళ్లోవాళ్లందరికీ చేయించిందంట. తను చేయించుకోలేదు చూడు." "చేయించుకునుంటే ఇంకో ఇరవై ఏళ్లు బతికుండేది." వెనక్కి తిరిగి నోరు మూసుకోమందామనుకున్నాను. అనలేకపోయాను, ఎందుకంటే బస్సులో దారి పొడుగునా నేను అనుకున్నదీ అదే. ఆవిడ మీద నాకు కోపంగా ఉంది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఉంది.

అంతా అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ భర్త, పోస్టాఫీసులో చేసి రిటైరైన పెద్దాయన, వెనక వరండాలో ఒక్కరే కూర్చుని ఉన్నారు. మేడమ్ పేషెంటునని చెప్పుకున్నాను.

"మీకు ఆపరేషన్ అయిందా అమ్మా?"

"అయిందండి. మూడేళ్లయింది."

నన్ను పైనుంచి కిందికి చూశారు. అంతసేపు ఒక మగమనిషి చూస్తే మామూలుగా ఇబ్బంది పడేదాన్ని. ఆయన నాలో వెతుకుతున్నది నన్ను కాదు.

"ఒకసారి గట్టిగా అడిగానమ్మా, చేయించుకోమని. 'నీకోసం చేయించుకోమంటావా?' అంది. అవునంటే చేయించుకునేది. నేను అవుననలేదు." నా వైపు తిరిగారు. "అని ఉండాల్సిందా?"

లేదండీ, మీరు చేసిందే సరైనది అనాలి. ఎవరి ఒంటి గురించి వాళ్లే నిర్ణయించుకోవాలి, ఆ గదిలో ఆవిడ నాకు చెప్పిందంతా ఆ మాటే. కానీ ఆయన ముఖం చూస్తూ అది నా నోటి వెంట రాలేదు. అవుననీ అనలేకపోయాను. పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను.

ఎదురుగా దండెం మీద ఆవిడ నైటీ ఒకటి ఆరేసి ఉంది. లేత నీలం మీద తెల్ల పూలు, ఈ క్లిప్పు నుంచి ఆ క్లిప్పుకు దండెం సగం ఆక్రమించింది. "నిన్న పొద్దున తనే ఆరేసింది" అన్నారాయన. ఎప్పుడో ఎండిపోయింది. తియ్యడానికి ఆయన లేవలేదు, నేనూ లేవలేదు. గాలి వచ్చినప్పుడల్లా అది లోపల మనిషి ఉన్నట్టు నిండుగా పొంగి, గాలి ఆగగానే వాలిపోతోంది.