రెండో చీటీ

పదకొండేళ్లుగా ఒక కాగితం ముక్కను మోస్తున్నాను. అగ్గిపుల్లంత బరువు కూడా ఉండదది. మా ఆవిడకు చెప్పలేదు. అమ్మకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

అమీర్‌పేటలో మేముండే అపార్ట్‌మెంటు వాచ్‌మన్ పేరు సింహాచలం అనుకోండి. అసలు పేరు రాసే ధైర్యం లేదు. ఇద్దరిదీ సముద్రం ఒడ్డున ఒకే ఊరు, ఒకే వీధి. వరసకు బావ. ఈ ఉద్యోగంలో పెట్టించింది నేనే. "ఊరాయన్ని మర్చిపోలే నువ్వు. మస్తు మంచోడివన్నా" అంటాడు పై అంతస్తు ఆయన, లిఫ్టులో కనిపించినప్పుడల్లా. నేను నవ్వి ఊరుకుంటాను. అలా ఊరుకోవడం ఇక నావల్ల కావడం లేదు.

పదకొండేళ్ల కిందట తుఫాను మా ఊరి దగ్గరే తీరం దాటుతుందన్నారు. ఇసుక మీదున్న పడవలన్నిటినీ సరుగుడు తోట వెనక్కి లాగాలి. పడవలు ఏడు, ట్రాక్టరు ఒక్కటి. ఎవరిది ముందు అన్న తగువు రాకుండా మా ఊళ్లో చీటీలు వేస్తారు. గంగమ్మ గుడి మెట్టు మీద కూర్చుని, ఊరిపెద్ద కళ్లు మూసుకుని తీస్తాడు. వచ్చిన వరస ఆ అమ్మవారి మాట, మాకు అమ్మ మాట. దాన్ని ఎవరూ కాదనరు. ఊరిపెద్దకు చదువు రాదు. డిగ్రీ వెలగబెట్టినవాణ్ని కనుక పేర్లు రాసిందీ నేనే, చదివిందీ నేనే.

రెండో చీటీలో సింహాచలం పేరుంది. నేను మా నాన్న పేరు చదివాను.

ముందే అనుకున్నానా? లేదు. అనుకోలేదంటే తప్పు తగ్గుతుందా? వచ్చే వారం అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులో చేరాలి, బస్సు టికెట్ జేబులోనే ఉంది, పడవ పోతే ఇక ఊరు కదలలేను, నాన్న వెంట ఎవరి పడవలోకో కూలికి పోవాలి. ఇదంతా ఆ క్షణంలోనే మెదిలిందో, నన్ను నేను సముదాయించుకోవడానికి తరువాత పేర్చుకున్నానో ఇప్పుడు చెప్పలేను. చీటీని ఉండ చుట్టి టికెట్ పక్కనే వేసుకున్నాను. చుట్టూ జనం ఉన్నారు. ఎవరూ తొంగి చూడలేదు. నమ్మినవాళ్లు తొంగి చూడరు కదా.

మా చీటీ ఆఖరున వచ్చింది. అప్పుడు సింహాచలం పేరు చదివాను.

అతను అక్కడ లేడు. మా పడవ ఇంజను విప్పి, భుజానికెత్తుకుని బడి వరండాకు మోస్తున్నాడు. నాన్నకు నడుము నొప్పని అడగకుండానే పూనుకున్నాడు. తిరిగొచ్చాక సంగతి నేనే చెప్పాను.

"నీది ఆఖరుకొచ్చింది బావా."

తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "మరేటి సేత్తాం. అమ్మ సెప్పింది కదేటి. మీది లాగేద్దాం రా."

మా పడవకు భుజం ఆనించి తోసినవాళ్లలో అందరికన్నా ముందున్నది అతనే.

ఆరో పడవ తోట దాటేసరికి వాన ముదిరింది. ఏడోదాని కోసం వచ్చిన ట్రాక్టరు తడి ఇసుకలో కూరుకుపోయింది. సింహాచలం పడవ నిండా ఇసుక బస్తాలు వేసి, చెట్లకు మోకులతో కట్టాడు. ఒక మోకు నేనూ కట్టాను. గట్టిగానే కట్టాను, ఇది మాత్రం నమ్మండి. మర్నాడు పొద్దున వెళ్లి చూస్తే ఆ మోకు చివర పడవ ముక్కు ఒక్కటే మిగిలి ఉంది. అతను దాన్ని చాలాసేపు తడుముతూ నిలబడ్డాడు.

వారం తిరక్కుండా నేను బస్సెక్కాను. హాస్టల్లో ప్యాంటు ఉతికితే జేబులోంచి చీటీ ముద్దయి వచ్చింది. కాగితం అలా పోయింది. అతను మూడేళ్లు పరాయి పడవల్లో కూలి చేశాక నేనే ఇక్కడికి పిలిపించాను. జాలితోనా? కళ్లముందు ఉంటే బరువు తగ్గుతుందనా? తగ్గలేదు. రోజూ నాకు గేటు తీస్తున్నాడు.

మొన్న వానాకాలం ఒక సాయంత్రం కుండపోత. పంజాగుట్ట ఆఫీసు నుంచి మెట్రోలో వచ్చేసరికి మా సెల్లార్‌లో మోకాలి లోతు నీళ్లు. సింహాచలం ఒక్కడే బళ్లను పైకి తోస్తున్నాడు. నా బండి అప్పటికే గేటు పక్క అరుగు మీద ఉంది. పైన పట్టా కప్పి, మా ఊరి ముడి వేసి ఉంది. మిగతావన్నీ ఇంకా నీళ్లలోనే ఉన్నాయి.

ముందు నాదెందుకు తీశావని అడిగాను.

"మనూరోడివి ఇక్కడ నువ్వొక్కడివే కదేటి బావా" అన్నాడు.

అప్పుడు చెప్పాలి. నోరు తెరిచాను కూడా. టీ తాగుదామా అన్నాను.

చెబితే కొడతాడన్న భయం లేదు. కొడితే బాగుండు. పోనీలే బావా, అమ్మ మాట అలా ఉంది అంటాడేమోనని భయం. అది అమ్మ మాట కాదు. అమ్మ తన మాట సరిగ్గానే చెప్పింది, దాన్ని మార్చింది నేను. ఈ ముక్క అతనితో ఎప్పటికైనా అనగలనో లేదో తెలియదు. మీతో అన్నాక మాత్రం కాస్త ఊపిరి ఆడుతోంది.

రెండో చీటీ సింహాచలానిది. పదకొండేళ్లకు సరిగ్గా చదివాను.