సూరి మావ కొట్లో నాన్న తోలిన బోటు

మా చిన్నప్పుడు... ఎండ మండుతుంటే సూరి మావ వీడియో గేమ్‌ల కొట్లో దూరేవాళ్లం. పైన రేకులు, గుమ్మానికి పాత చీర తెర, లోపల రెండు పెట్టెలు. ఒక్కో పెట్టెలో ఓ టీవీ, దాని కింద పట్టుకుని తిప్పడానికి ఒక పుల్ల, పక్కన బొత్తాలు. ఫ్యాను తిరిగేది గానీ గాలి ఎటు పోయేదో తెలిసేది కాదు. ఓడినవాడు లేవాలి, గెలిచినవాడు కూర్చోవాలి. వెనక నిలబడ్డవాళ్ల పని నవ్వడం.

మాది శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున ఊరు. సూరి మావ అమ్మకు తమ్ముడు. శ్రీకాకుళంలో ఎవరో కొట్టు ఎత్తేస్తుంటే ఆ పెట్టెలు ఆటోలో వేసుకొచ్చాడు. అప్పుడు నేను ఏడో తరగతి.

అవి వేట ఆపే రోజులు. ఏటా వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు వేట ఆపేస్తుంది. బోట్లు ఇసుక మీదికి లాగేసి మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. నేను వల సాగదీసి పట్టుకోవాలి, నాన్న చిరుగులు కుట్టాలి. ఒకరోజు మధ్యలో లేచి కొట్టుకు పోయాను... కాసేపటికి తెర తొలిగింది. నాన్న.

బోటు ఎక్కేముందు విప్పినట్టే చెప్పులు గుమ్మం బయట విప్పి లోపలికి వచ్చాడు.

"ఒరే, వల అలగ పడీసి ఇక్కడ కూకున్నావేటి?"

నేను లేచాను. సూరి మావ నాన్న చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, సముద్రం ఎలాగూ మూసీసినారు. మా సముద్రం మీద ఒక్క తిప్పు తిరిగి ఎల్లు."

పెట్టెలో బోటు పందెం పెట్టాడు. నాన్న వద్దన్నాడు. "బయమేటి బావా?" అన్నాక కూర్చున్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా నాన్న చుక్కాని పట్టే మనిషి. కెరటం గట్టిగా ఉన్న రోజు ఆయన బోటు ఒడ్డెక్కేదాకా మిగతా బోట్లు ఆగి చూసేవి. ఊళ్లో అందరికీ తెలుసు. అందుకే పిల్లలందరూ ఆ పెట్టె చుట్టూ మూగారు.

మొదటి మలుపు ఎడమకు వచ్చింది. నాన్న పుల్లను కుడికి నెట్టాడు. బోటు రాళ్లకు కొట్టుకుంది. తరవాతిది కుడి మలుపు. పుల్లను ఎడమకు నెట్టాడు. మళ్లీ రాళ్లే. బోటు వంగితే ఆయన ఒళ్లు కూడా వంగుతోంది.

"ఇటు ఎల్లమంటే అటు ఎలిపోతన్నాడు, సూడండ్రా!" అన్నాడొకడు.

మా క్లాసు రాజుగాడు నా భుజం పొడిచాడు. "ఒరే, మీ అయ్య రోజూ ఇంటికి ఎలగొస్తన్నాడ్రా?"

కొట్టంతా నవ్వు. సూరి మావ కూడా. నాన్న నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు... చెవులు ఎర్రబడ్డాయి. మళ్లీ ఆడమంటే లేచి, "నడు, వల ఉన్నాది" అన్నాడు నాతో. నేను ఆయన వెనకే నడవకుండా కాస్త దూరంగా నడిచాను.

ఆ తరవాత చాలా రోజులు కొట్టుకు వెళ్లలేదు. సిగ్గు. చిన్న పిల్లలు తోలే బోటు మా నాన్న తోలలేకపోయాడని. ఆయనకు కుడి ఎడమలు తెలియవేమో అని కూడా అనుకున్నాను. రాత్రి అన్నం తినేటప్పుడు ఏ చేత్తో ఏం తీసుకుంటున్నాడో చూసేవాణ్ణి.

వేట మళ్లీ మొదలయ్యాక ఒక ఆదివారం నాన్న, పెదనాన్న నన్నూ బోటులో తీసుకెళ్లారు. తిరిగి వస్తుంటే, ఒడ్డు ఇంకా దూరంగా ఉండగా, నాన్న పక్కకు జరిగి చుక్కాని పిడి నాకిచ్చాడు. "ఎడంకి తిప్పు" అన్నాడు.

పిడి ఎడమకు నెట్టాను.

బోటు కుడికి తిరిగింది. కెరటం పక్క నుంచి కొట్టింది. చేపల తట్ట దొర్లింది. పెదనాన్న కేకేశాడు, "ఒరే, ఎటు తోస్తన్నావురా!" నాన్న నా చేతి మీద చెయ్యి వేసి పిడిని కుడికి నెట్టాడు. బోటు ఎడమకు తిరిగింది... మెత్తగా.

చుక్కాని అంతే. ఎటు వెళ్లాలో దానికి ఎదురు వైపు నెట్టాలి. కొట్లో నాన్న చేతులు తప్పు చెయ్యలేదు. సముద్రం మీద చేసినట్టే చేశాయి.

"సూరిగాడి కొట్లో నేర్సినాడు నావ తోలడం!" అన్నాడు పెదనాన్న. బోటులో వాళ్లంతా నవ్వారు.

నాన్న నవ్వలేదు. "కొత్త సెయ్యి. నవ్వకండి" అన్నాడు.

అంతే అన్నాడు. నేను తల ఎత్తలేకపోయాను. ఆ రోజు కొట్లో అన్ని నోళ్లు ఉన్నా, ఆయన కోసం ఆ ఒక్క మాట ఎవరి నోటా రాలేదు. నా నోటా రాలేదు. ఇంటికొచ్చాకైనా చెప్పాల్సింది, "నానా, ఆ పుల్ల వేరేలాగ తిరుగుతాది" అని. ఇవాళ్టికీ చెప్పలేదు.

తరవాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. సూరి మావ కొట్లో వెనక నిలబడేవాళ్లు తగ్గారు, తరవాత కూర్చునేవాళ్లూ తగ్గారు. ఇప్పుడందులో చేపలకు ఐసు పెట్టెలు పెట్టుకున్నాడు. ఆటల పెట్టె ఒకటి పాత ఇనుముకు పోయింది. రెండోది మూలన ఉంది, దాని మీద గోనెలు. మొన్న ఊరెళ్లినప్పుడు ఆ పుల్ల పట్టుకుని చూశాను. తుప్పు పట్టి ఎటూ కదలడం లేదు.

ఇంటికొస్తే మా అన్న కొడుకు అరుగు మీద కూర్చుని ఫోన్లో ఏదో ఆడుతున్నాడు. ఓడిపోయినట్టున్నాడు, మొహం చిన్నబోయింది. నవ్వేవాళ్లు లేరు. నవ్వొద్దు అనేవాళ్లూ లేరు. పక్కనే నాన్న వల కుట్టుకుంటున్నాడు, తల తిప్పి చూడలేదు...

మీ ఊళ్లోనూ ఇలాంటి కొట్టు ఉండేదా? మిమ్మల్ని వెతుక్కుంటూ తెర తీసి లోపలికి వచ్చేది ఎవరు?