నాచారంలో పడవ, ఫ్రిజ్‌లో రెండు పాల ప్యాకెట్లు

పనిలో చేరిన కొత్తలో నాకు రెండు జబ్బులు ఉండేవి. ఎవరేం అడిగినా తల ఊపేయడం ఒకటి, ఊపిన దగ్గర్నుంచి అన్నం సహించకపోవడం రెండోది. ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు. ఇల్లు ఉప్పల్‌లో, పని నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫైబర్ షెడ్డులో. మేం చేసేవి నీళ్ల ట్యాంకులు, బస్టాపు కుర్చీలు, పార్కుల్లో పిల్లలెక్కే జారుడుబల్లలు. అలాంటి చోటికి ఒకరోజు లారీ మీద తెరచాప పడవ వచ్చి షెడ్డు పక్కన ఆరుబయట దిగింది. చుట్టుపక్కల నీళ్లంటూ ఉన్నది మా షెడ్డు వెనక ట్యాంకరు నింపే సంపు ఒక్కటే. (వీధిలో వాళ్లంతా వారం పాటు ఒకటే ప్రశ్న అడిగారు. మా మేస్త్రి కూడా వారం పాటు ఒకటే జవాబు చెప్పాడు, "రిపేరుకొచ్చింది, ఈతకు గాదు" అని.)

పడవ యజమానిని మేం కెప్టెన్ సార్ అనేవాళ్లం. నిజానికి ఆయన రిటైరైన గుమాస్తా. సొంతూరు కాకినాడ, కాపురం నాగోల్‌లో. ఉద్యోగమంతా ఫైళ్ల మధ్య గడిపి, చివరికి ఒక పాత పడవ కొన్నారు. దాని అడుగు బాగుచేయించి, కాకినాడ తీసుకుపోయి, భార్యను ఎక్కించుకుని తిరగాలని ఆయన ఆశ. అమ్మగారికి ఆ పడవ పేరెత్తితేనే ఒళ్లు మండేది. ఇంట్లో ఎన్ని వాదనలయ్యాయో తెలీదు కానీ, దసరాకి ముందురోజు పొద్దున్నే ఇద్దరూ షెడ్డుకొచ్చారు. పడవలో సార్ చిన్న ఫ్రిజ్ ఒకటి పెట్టించారు. పైన ఒక సోలార్ పలక, లోపల ఒక పాత బ్యాటరీ, వాటితోనే అది నడవాలి. అమ్మగారు తన చేత్తో అందులో రెండు పాల ప్యాకెట్లు పెట్టి షరతు చెప్పారు. కాకినాడలో పడవ నిలిపే చోటు చూసి ఎల్లుండి పొద్దున వస్తారు. రాగానే ఆ పాలు కాస్తారు. విరగకపోతే పడవెక్కుతారు, విరిగితే పడవ అమ్మేయాలి. షెడ్డులో కరెంటు తగిలించడానికి మాత్రం వీల్లేదు. "సముద్రం మధ్యలో ప్లగ్గు ఎవరిస్తారండీ మీకు?" అన్నారు ఆవిడ.

వెళ్లబోతూ సార్ నన్ను పక్కకి పిలిచారు. "నువ్వేం చెయ్యక్కర్లేదు బాబూ. ఆ పచ్చ లైటు వెలుగుతోందో లేదో చూస్తూండు, చాలు. ఆరేళ్ల నుంచీ బతిమాలుతున్నాను ఆవిణ్ణి" అన్నారు. ఆ గొంతు వింటే నాకు జాలీ భయమూ ఒకేసారి కలిగాయి. తల ఊపేశాను.

ఆ రోజంతా లైటు చూశాను. లైటైతే వెలుగుతోంది, మరి లోపల చల్లగా ఉందా అని మూత తీశాను. మూత తీశాను కాబట్టి చల్లదనం బయటికి పోయిందేమో అని పావుగంటకి మళ్లీ తీశాను. (సాయంత్రానికి ఆ పాల ప్యాకెట్లు నా మొహం గుర్తుపట్టే స్థితికొచ్చాయి.) పాపం ఆ పాత బ్యాటరీ నా భయాన్ని కూడా మోయాల్సొచ్చింది.

మర్నాడు దసరా. మా షెడ్డులో ఆ రోజు మెషిన్లన్నీ బంద్. కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, దండలేసి, గుమ్మడికాయ కొడతాం. షెడ్డుకొచ్చింది ఏదైనా సరే, పూజలో లెక్కే. పడవ ఎక్కిన ట్రాలీ చక్రాల కింద మేస్త్రి నిమ్మకాయలు పెట్టి, పైనున్న పలక చూపించి, "గా బిళ్ళనే గదరా దీనికి పానం. దానికి మంచిగ బొట్టు వెట్టు" అన్నాడు. నాకు భక్తి పొంగుకొచ్చింది. పలక మొత్తానికి పసుపు రాశాను, పైన బొట్లు పెట్టాను. అప్పటికీ తనివి తీరక, మిగిలిన బంతిపూలన్నీ దాని మీదే పరిచాను. పని చల్లగా సాగాలని దండం కూడా పెట్టుకున్నాను.

ఇంట్లో మటన్ వండారు. రెండో ముద్ద దిగలేదు. ఎందుకో మనసు కీడు శంకించి బండి తీసుకుని షెడ్డుకొచ్చాను. పచ్చ లైటు లేదు. మూత తీస్తే వెచ్చటి ఆవిరి మొహానికి కొట్టింది, ప్యాకెట్లు ఉబ్బి ఉన్నాయి. కారణం కోసం బ్యాటరీ చూశాను, వైర్లు చూశాను, చివరికి తలెత్తి పైకి చూశాను. ఎండంతా నా బంతిపూల మీద పడుతోంది. మేస్త్రికి ఫోన్ చేసి, మీరు చెప్పినట్టే చేశానని నేరం కాస్త అటు నెట్టబోయాను. ఆయన అంతా విని, "బొట్టు వెట్టుమన్న గని దుప్పటి గప్పుమన్ననారా?" అని ఫోన్ పెట్టేశాడు.

పలక కడిగాను, పాలు పారబోశాను. ఇక తప్పు ఒప్పుకోవాలి. కానీ ఒప్పుకుంటే సార్ పడవ పోతుంది. తెల్లారి ఎండ తగిలి పచ్చ లైటు వెలగ్గానే చౌరస్తాకి పరిగెత్తి, అదే రంగు, అదే సైజు ప్యాకెట్లు రెండు తెచ్చి లోపల పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

పదింటికి వాళ్లొచ్చారు. అమ్మగారు ప్యాకెట్లు తీసి, కొంగుతో తుడిచి, వెలుతురుకి ఎత్తి చూశారు. అప్పుడు కనిపించింది నాకు, అంచు మీద నల్లటి అక్షరాల్లో ఆ రోజు తేదీ. ఆవిడ తేదీ చూశారు, నన్ను చూశారు, తర్వాత ఆయన్ని చూశారు. సార్ చేతులు వెనక్కి కట్టుకుని, మేం టీ కాచుకునే పొయ్యినే చూస్తున్నారు. ఆవిడ కత్తెర అడిగారు. రెండు ప్యాకెట్ల అంచులూ కలిపి కత్తిరించి, ఆ ముక్కలు కొంగు చివర ముడేసుకుని, పాలు గిన్నెలో పోశారు. పాలు కాగి, పొంగి, పైకొచ్చాయి. విరగలేదు. సార్ సంపు గట్టు మీద కూలబడి జేబురుమాలు తీశారు.

"బాగానే ఉన్నాయండీ" అన్నారు ఆవిడ. అందరికీ టీ ఇచ్చి, నా గ్లాసు అందిస్తూ మాత్రం గొంతు తగ్గించి, "ఈసారి తేదీ చూసుకో నాయనా" అన్నారు.

పడవ కాకినాడ వెళ్లిపోయింది. ఇప్పుడు నా చేతికింద నలుగురు పని చేస్తున్నారు. దసరాకి సోలార్ పలక కనిపిస్తే ఒక్క బొట్టు, అదీ అంచున, నేనే దగ్గరుండి పెట్టిస్తాను. పండక్కి సార్ తప్పకుండా ఫోన్ చేసి, ఫ్రిజ్ భేషుగ్గా నడుస్తోందనీ, అదంతా నా చలవేననీ అంటారు. వెనకనుంచి అమ్మగారి నవ్వు వినిపిస్తుంది. ఆ తేదీ ముక్కలు పారేశారో, దాచుకున్నారో అడగాలని ఏటేటా అనుకుంటాను. ఆ ఇరవై రెండేళ్లవాడు లోపల ఇంకా ఉన్నట్టున్నాడు, అడగనివ్వడు. సరే సార్ అని, ఫోన్లో కనపడదని తెలిసినా, తల ఊపేస్తాను.