ఫుతూర్ అందర్

ఒమాన్‌లో, రూవి బయట మా కంపెనీ యార్డులో నాది బాబ్‌క్యాట్, అంటే చెత్త ఎత్తే చిన్న బండి, నడిపే డ్యూటీ. కూల్చిన బిల్డింగుల చెత్తంతా లారీల్లో అక్కడికే వస్తుంది. సిమెంటు పెళ్ళలు ఒక గుట్ట, ఇనుము ఒక గుట్ట, విరిగిన తలుపులు, ప్లైవుడ్ ఇంకో గుట్ట. ఆ చెక్కను బూజుకు తినిపిస్తామంటూ ఒక ఒమానీ ఇంజనీరమ్మ వచ్చినప్పుడు నాకు నవ్వాగలేదు. బూజు కనబడితే మనం చీపురు పట్టుకుంటాం, వీళ్ళేమో దానికి ఏసీ షెడ్డు కట్టారు!

పని మాత్రం తేలిక. చెక్కపొట్టు ఉడకబెట్టి, చల్లార్చి, పుట్టగొడుగు విత్తనం కలిపి అచ్చుల్లో నింపాలి. కొన్నాళ్ళకు తెల్లటి దారాలు అల్లుకుని పొట్టంతా ఇటుకలా గట్టిపడుతుంది. ఎండబెడితే గోడల్లో వేడి ఆపడానికి పనికొస్తుందట. ఆ డ్యూటీ కాకకు పడింది. మా జగిత్యాల వైపు ముసలాయన, రూములో అందరికీ కాకే. పరంజాలెక్కి ఎక్కి మోకాళ్ళు అరిగిపోయాయి. షెడ్డు నడిస్తే ఉంటాడు, లేదంటే ఊరికి పంపేస్తానని ఫోర్‌మన్ ముందే చెప్పేశాడు. కాక బిడ్డ నర్సింగు చదువు ఇంకా సగంలోనే ఉంది.

మొదటి రోజే ఇంజనీరమ్మ తలుపు చూపించి, తన అరబ్బీ కలిసిన హిందీలో కాకకు గట్టిగా చెప్పింది. "ఫుత్ర్ అందర్. హమేషా అందర్. దర్వాజా బంద్!"

మాకు వినపడింది ఫుతూర్. అంటే పొద్దుటి టిఫిన్. గల్ఫ్‌లో దిగిన ప్రతివాడికీ తెలిసిన మాటే.

"ఎండల తినకు, లోపల సల్లగ కూసోని తినుమంటుందిరా. మంచి పిల్ల!" కాక మురిసిపోయాడు.

నాకు కడుపు మండింది. నేను దుమ్ములో రొట్టె నములుతుంటే, ఆయన ఏసీలో అచ్చుల పక్కన చపాతీ పప్పు తింటాడా! "రాజభోగం నీదే కాకా" అని రోజూ ఎత్తిపొడిచేవాణ్ణి.

ఒక పొద్దున తలుపు తీస్తే సగం అచ్చుల మీద పచ్చటి మచ్చలు, పులిసిన కంపు. ఫోర్‌మన్ ఊగిపోయాడు. "ఖల్లాస్! షెడ్ బంద్. బుడ్ఢే కా టికెట్ నికాలో!" ముసలోడికి ఊరి టికెట్ తీయమని. కాక గోడకు ఆనుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఇంజనీరమ్మ అచ్చుల సందులోంచి ఒక చపాతీ ముక్క తీసి, ఇదెలా వచ్చిందని అడిగింది.

"మీరే చెప్పిండ్రు గద మేడమ్, ఫుతూర్ అందర్ అని!" అన్నాడు కాక.

ఆమెకు తెలుగేం తెలుసు? నేను హిందీలో చెప్పాను. ఎండలో తినొద్దన్నారనుకున్నాడు, అందుకే లోపల తిన్నాడు అని.

ముందు తెల్లబోయింది. తర్వాత పడీపడీ నవ్వింది. ఆమె అన్నది ఫుత్ర్ అట. అంటే అరబ్బీలో ఈ బూజే! అది లోపలే ఉండాలి, తలుపు తెరవకూడదు అని చెప్పిందట. తిండి మీద పట్టే పచ్చబూజు దానికి శత్రువట. నవ్వుతున్న మనిషి ఉన్నట్టుండి ఆగిపోయింది. బయట బాబ్‌క్యాట్ మీద నా టిఫిన్ డబ్బా ఎండకు కాలుతోంది. దాన్నే చూస్తోంది.

"ఎండలో తినొద్దని నేను అనలేదు," అంది హిందీలో, మెల్లగా. "అనాల్సింది."

తప్పు తనదేనని ఫోర్‌మన్‌తో తెగేసి చెప్పింది. పాడైన అచ్చులు పారేశాం. మిగతావాటిని కాక కంటికి రెప్పలా చూసుకున్నాడు. ఇటుకలు నిలిచాయి. కాకా నిలిచాడు.

మొదటి ఇటుకలు ఎండాక ఆమె షెడ్డు నీడలో వాటిని రెండు వరసలుగా పేర్పించి, పైన ఒక పాత తలుపు బల్లలా వేయించింది. "ఫుతూ...ర్ ఇధర్," అంది, బాగా సాగదీసి.

కాక దాని మీద డబ్బా విప్పుతూ నన్ను మోచేత్తో పొడిచాడు.

"మంచి పిల్ల అని నేను ముందుగాలనే చెప్పలే?"