పులుసుతో వద్దన్న మనిషి

మా తోడికోడలు పోయిందని బావగారు ఫోన్ చేసినప్పుడు నేను చేపముక్కలకు ఉప్పూ కారం పట్టిస్తున్నాను. చేతులు కడుక్కోకుండానే కుర్చీలో కూలబడ్డాను. ఇక్కడ అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఏళ్ల తరబడి పక్కపక్క వీధుల్లో బతికాం. ఆవిడంటే నాకెంత ప్రేమో మీకు చెప్పాలంటే, ముందు ఎంత కుళ్లో చెప్పాలి.

వంట నాది. ఆదివారం మా ఇంటికి పదిమంది వస్తే పొద్దుటి నుంచి పొయ్యి దగ్గర నిలబడేది నేను. ఆవిడ సరిగ్గా వడ్డించే వేళకు చీర నలగకుండా ఒక సీసా పట్టుకుని దిగేది. దక్షిణ ఇటలీ తెల్ల వైన్, పేరు ఫియానో. ఆఫీసులో ఒక ఇటాలియన్ స్నేహితురాలు అలవాటు చేసిందట. గ్లాసు మెల్లగా తిప్పి వాసన చూసేది. అందరూ మాటలు ఆపేసేవారు.

"పియర్ పండు, వెనకాల కాస్త తేనె, చివర్లో వేయించిన గింజల వాసన. వేపుడుతో తాగండి. పులుసుతో వద్దు, చింతపండు ముందు ఇది నీళ్లయిపోతుంది."

నా పులుసుతో వద్దట! అందరూ బుద్ధిగా పులుసు గిన్నె పక్కకు జరిపేవారు. ఒక ముక్క, ఒక గుటక. "అక్కా, సూపర్ కాంబినేషన్!" అని ఆవిణ్ణే మెచ్చుకునేవారు. ఆ ముక్క వేయించిన మనిషి గరిటె పట్టుకుని అక్కడే ఉందన్న సంగతి ఎవరికీ పట్టేది కాదు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒకసారి ఉండబట్టలేక నేనే ఒక సీసా కొని, ఫ్రిజ్‌లోంచి తీసి పోశాను. ఆవిడ గ్లాసును రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది.

"ఏంటక్కా, నచ్చలేదా?"

"మంచిదే తెచ్చావే. మరీ ఐస్‌లా ఉంది, వాసన పైకి రావట్లేదు. కాసేపు వెయిట్ చేద్దాం."

కాసేపటికి నిజంగానే తేనె వాసన వచ్చింది. నాకు ఇంకా మండింది. ఒక్కసారైనా తప్పు చెబితే ఆవిడ సొమ్మేం పోయింది?

జబ్బు చేశాక, మందుల వల్ల ఆవిడ నాలుకకు రుచి తెలియకుండా పోయింది. ఒక సాయంత్రం గ్లాసు నా చేతికిచ్చి, "నాకేం తెలియట్లేదే. నువ్వు తాగి చెప్పు," అంది. నేను తడుముకుంటూ నిమ్మతొక్క అన్నాను, పియర్ అన్నాను, ఏదో పొగ కూడా ఉందన్నాను.

"పొగా? భలే పట్టేశావే! నీ ముక్కు నాకంటే మంచిది," అని నవ్వింది.

ఆ మెప్పు కోసం ఎన్నాళ్లు కాచుకున్నానో! తీరా దక్కేసరికి ఏడుపొచ్చింది. పెద్దమనసులోనూ నాకంటే ఒక మెట్టు పైనే నిలబడింది. దానికీ కుళ్లుకున్నాను.

కర్మలన్నీ అయిపోయాక, మొన్న ఆదివారం మళ్లీ అందరూ మా ఇంటికి భోజనానికి వచ్చారు. బావగారు సీసా నా ముందు పెట్టి, "ఇకమీదట నువ్వే చెప్పాలమ్మా," అన్నారు. వాసన చూసి, వేపుడుతో తాగమన్నాను. అందరూ తలలూపారు. నేను ఇన్నేళ్లూ కోరుకున్నది అదే. కానీ నేను చెప్పింది తప్పో ఒప్పో తెలిసిన మనిషి అక్కడ లేదు. ఒక్కరైనా కాదంటే బావుండుననిపించింది.

ఆవిడ కూతురు ఇక్కడే పుట్టి పెరిగింది, ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. ఒక గుటక తాగి ముఖం చిట్లించింది.

"పిన్నీ, నో. ఫ్రైతో కాదు. ఆ కొబ్బరి రొయ్యలు ఉంది కదా, దాంతో బాగుంటుంది, ఐ థింక్."

అందరూ నన్ను వదిలేసి దాని వైపు తిరిగారు. నాకు భగ్గున మండింది. ఎన్నాళ్లకు మండిందో, ప్రాణం లేచొచ్చింది! రొయ్యల గిన్నె తెచ్చి దాని ముందు పెట్టాను. అది ఒక రొయ్య తిని, మళ్లీ ఒక గుటక తాగి, వేళ్లకంటిన కొబ్బరిపాలు నాకుతూ ఆలోచనలో పడింది. చేతిలో ముద్దలు పట్టుకుని, ఏమంటుందోనని అందరం ఆగిపోయాం.